నైరుతి కిటికీ

ఆ ఉదయం ఆ గదిలో నేను మొదట చూసింది ఒక బంగాళాదుంపను. దాన్ని సగానికి కోసి బోర్లించి, గుప్పెడు అగరొత్తులు గుచ్చి, టీచర్ తల దగ్గర పెట్టారు. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. ఐసు పెట్టె చల్లదనం పోకుండా మూశామన్నారు. పొగకు బయటికి దారి లేదు. ఫ్యాను కింద తిరిగి తిరిగి, చాప మీద కూర్చున్న పిల్లల మొహాల మీదికి దిగుతోంది.

మా బయాలజీ టీచర్ ముందురోజు సాయంత్రం పోయారు. ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "అక్క పోయిందమ్మా. ఊపిరి అందలే" అంది.

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. మా అమ్మ నన్ను దాటుకొని లోపలికి వెళ్ళి, ఆ బంగాళాదుంపను అగరొత్తులతో సహా ఎత్తి తీసుకెళ్ళి ప్రహరీ గోడ మీద పెట్టి వచ్చింది. తరువాత కిటికీ గొళ్ళెం తీసింది.

"అయ్యో, గదేందమ్మా? తలకాడ ఊదుబత్తి తీస్తరా ఎవరన్న?" అని ఒక ముసలామె లేవబోయింది.

"ఈవిడకి పొగ పడదండి," అంది అమ్మ. "బతికున్నన్నాళ్ళూ పడలేదు. పోయాక పడతాదేటి?"

టీచర్ చెల్లెలు ఏడుస్తూనే తలూపింది. ముసలామె కూర్చుంది. గదిలో ఎవరో చిన్నపిల్లవాడు దగ్గడం ఆపాడు.

నాకు ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. రోజులు గడిచాయి కానీ ఆ కోపం తగ్గలేదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కోపం పక్కన పెట్టాలంటారు. ఈ మనిషి గురించి కోపం లేకుండా రాస్తే అబద్ధమవుతుంది.

*

మేము సికింద్రాబాదు వచ్చింది శ్రీకాకుళం వైపు నుంచి. నాన్న రాంగోపాల్‌పేట్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాసేవారు. సీతాఫల్‌మండిలో ఒక కాంపౌండులో మాకు వెనక పోర్షన్ దొరికింది. మేడ మీద ఓనర్ కుటుంబం. కింద ముందు పోర్షన్‌లో, ఒక్కతే, మా టీచర్. నేను చదివే కాన్వెంటులో ఆమె బయాలజీ చెప్పేవారు. ఇంటి దగ్గర కూడా టీచర్ ఉండటం ఎనిమిదో తరగతి పిల్లకు శిక్ష. మొదటి ఏడాది నేను నీళ్ళ బిందె పట్టుకొని ఆమె గుమ్మం ముందు నుంచి తల వంచుకొని పరుగెత్తేదాన్ని.

బడిలో ఆమె అలవాట్లు అందరికీ తెలుసు. తరగతిలోకి రాగానే కిటికీలన్నీ తెరిచేవారు. ఆ తరువాతే గుడ్ మార్నింగు, హాజరు. వానాకాలమైనా అంతే. మొదటి బెంచీ వాళ్ళ నోటు పుస్తకాలు తడిసేవి. డస్టర్‌ను గోడకు కొట్టి దులపనిచ్చేవారు కాదు. తడిగుడ్డతో బోర్డు తుడవాలి. "కండ్లు మూసుకోవచ్చు. నోరు మూసుకోవచ్చు. ముక్కుకు సెలవు లేదు," అనేవారు. తరగతిలో ఇంగ్లీషే మాట్లాడాలని సిస్టర్ల నియమం. ఈ మాట మాత్రం ఎప్పుడూ తెలుగులోనే అనేవారు.

ఇంకో అలవాటు ఉండేది. మెట్లెక్కుతూ మధ్య మలుపులో ఆగి, అప్పుడు ఎదురుపడిన పిల్లను ఒక ప్రశ్న అడిగేవారు. "వానపాము ఎట్ల ఊపిరి తీసుకుంటది?" అని. జవాబు వచ్చినా వెంటనే వదిలేవారు కాదు, ఇంకో ప్రశ్న వేసేవారు. ఆమె మెట్ల మీద కనబడితే మేము రెండో వైపు నుంచి పారిపోయేవాళ్ళం. అవి ప్రశ్నలు కావని, పై అంతస్తుకు ఒక్క ఊపున ఎక్కే ఊపిరి ఆమెకు లేదని, ఎవరికీ చెప్పకుండా నిలబడటానికి అదొక సాకని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది.

*

మా పోర్షన్ అంటే ఒక గది, దాని వెనక వంటిల్లు. గదికి తలుపు ఒకటి, పక్క గోడ పైభాగంలో జానెడు వెంటిలేటర్ ఒకటి. వంటింటికి ఒక కిటికీ. ఆ కిటికీ ఇంటి మొత్తానికి నైరుతి మూల వచ్చింది. అదే దాని నేరం.

ఓనర్ కొడుకు డిగ్రీ అయి, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాడు. అప్పుడు ఊరంతా అదే చేస్తోంది. మా వీధిలో మిరపకాయ బజ్జీల బండి పక్కన కూడా జావా, ఒరాకిల్ అని రాసిన కాగితాలు అంటించి ఉండేవి. ఆ అబ్బాయికి ఇంటర్వ్యూలు వచ్చేవి, ఉద్యోగం వచ్చేది కాదు. ఒక ఆదివారం ఓనర్ ఒక వాస్తు మనిషిని తీసుకొచ్చాడు. ఆయన దిక్సూచి పట్టుకొని కాంపౌండు అంతా తిరిగి, మా వంటింట్లోకి వచ్చి, అమ్మ చారు పోపు పెడుతుంటే ఆ కిటికీ ముందు ఆగాడు.

"నైరుతిల బొక్క ఉన్నదండి మీకు," అన్నాడు ఓనర్‌తో. "వచ్చింది వచ్చినట్టే ఇటు పోతున్నది."

అతను చెప్పింది నిజమే. వచ్చింది వచ్చినట్టే ఇటే పోయేది. పోపు ఘాటు, కిరసనాయిలు పొగ, అన్నం ఆవిరి.

మర్నాడు మేస్త్రీ ఇటుకలతో వచ్చాడు. నాన్న బతిమాలారు. కనీసం ఒక చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకుంటామన్నారు. "బొక్క బొక్కనే గదా సార్," అన్నాడు ఓనర్. నాన్న స్టవ్వు పక్కకు జరిపి మేస్త్రీకి దారి ఇచ్చారు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళ గొంతు అంతే ఉంటుంది.

టీచర్ బడి నుంచి వచ్చేసరికి సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని మేడ మెట్ల కింద నిలబడి ఓనర్‌ను పిలిచారు.

"ఆ పొగ ఎటు పోవాలె చెప్పు?"

"తలుపున్నది గద టీచరమ్మా."

"తలుపు దాక నడుచుకుంట పోతదా పొగ, నీ లెక్క? లోపట మూడేండ్ల పిల్ల ఉన్నది."

"నా ఇల్లు, నా గోడ. నా కొడుకు బతుకు మీకు మజాక్ అయింది."

"మరి నీ కొడుకును ఇంటర్వ్యూల ఏం అడిగిన్రు? మీ ఇంట్ల నైరుతి ఎట్లున్నదని అడిగిన్రా?"

మేడ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ కొడుకే అనుకుంటాను. ఓనర్ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ మూడేళ్ళ పిల్ల మా చెల్లి. నాకూ తనకూ పదేళ్ళ తేడా.

*

గోడ కట్టాక మా ఇంట్లో ఏముండేదో చెబుతాను. చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో అది ఇప్పటికీ ఉంది, దాన్ని ఎవరూ కాలుష్యం అనరు. గ్యాసు బండ అయిపోతే రెండోది వచ్చేదాకా కిరసనాయిలు స్టవ్వు. సాయంత్రం దీపం, అగరొత్తులు. చీకటి పడగానే తలుపు వేసి, మంచం కింద దోమల కాయిల్. మేం కొన్నది కుర్చీ అంత ఎత్తు మంచం. చెల్లి ఆ మంచం కిందే బొమ్మలతో ఆడుకునేది. వారానికోసారి తలంటు, తరువాత సాంబ్రాణి.

సాంబ్రాణి గురించే అమ్మకూ టీచర్‌కూ గొడవ జరిగింది. మట్టి మూకుడులో నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, చెల్లిని ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకొని, తడి జుట్టు ఆరడానికి అమ్మ పొగ పడుతోంది. అమ్మను వాళ్ళమ్మ అలాగే పెంచింది. చెల్లి దగ్గుతోంది. టీచర్ గుమ్మంలోకి వచ్చారు.

"పిల్లకు పెడుతున్నవా పొగ, దోమలకు పెడుతున్నవా?"

"జలుబు చెయ్యకుండా పెడతామండి. మీకు తెల్దు."

"జలుబు పోతే పోతది. ఊపిరి పోతె యాడ తెస్తవు?"

"ఏటా అశుభం మాటలు!" అమ్మ గొంతు లేచింది. "నా పిల్లకి నేను పొగెట్టుకుంటే మీకేటి? కన్నవాళ్ళకి తెలుస్తాదండి అది. పుస్తకాల్లో ఉండదు."

టీచర్ మొహం మారింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఆమెకు పెళ్ళి కాలేదు. చూడ్డానికి వచ్చిన ప్రతి సంబంధం ఆమె దగ్గు విని, అది టీబీయేమోనని వెనక్కి పోయిందని తరువాత ఆమె చెల్లెలు చెప్పింది. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు.

మర్నాడు సాయంత్రం టీచరే వచ్చారు. చేతిలో ఒక పాత దోమతెర ఉంది. "ఇది మా అమ్మది. చిల్లులున్నయి. కుట్టుకో," అని అమ్మకు ఇచ్చారు. కాయిల్ గురించి గానీ సాంబ్రాణి గురించి గానీ మాట్లాడలేదు. అమ్మ దాన్ని కుట్టింది. కాయిల్ ఆగింది. సాంబ్రాణి ఆగడానికి ఇంకొంత కాలం పట్టింది.

*

తరువాత జరిగింది నేను ఎవరికి చెప్పినా కట్టుకథ అంటారు. కిటికీ మూసిన కొద్ది నెలలకు ఓనర్ కొడుక్కు ఉద్యోగం వచ్చింది. మాదాపూర్‌లో, పెద్ద కంపెనీలో. ఓనర్ కాంపౌండు అంతా లడ్డూలు పంచాడు. టీచర్‌కు స్వయంగా తెచ్చి ఇచ్చి, "ఇప్పుడేమంటరు టీచరమ్మా?" అన్నాడు.

"పిలగాడు చదివిండు, అచ్చింది. మంచిగుండనీ," అన్నారు టీచర్. లడ్డూ తీసుకున్నారు. "ఇగ పని అయింది గద, కిటికీ తెరువు."

"అమ్మో! తెరిస్తె పోదా?"

మూడేళ్ళు తిరగలేదు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మనుషుల్ని తీసేసే కాలం వచ్చింది. ఆ అబ్బాయి ఉద్యోగం పోయింది. ఇప్పుడైనా కిటికీకీ ఉద్యోగానికీ సంబంధం లేదని ఒప్పుకుంటాడని నేను అనుకున్నాను. వాస్తు మనిషి మళ్ళీ వచ్చాడు, మా గదిలో తల ఎత్తి చూశాడు. వెంటిలేటర్ కూడా నైరుతి వైపు గోడలోనే ఉందట. దాని సంగతి అప్పుడే చెప్పానని, ఓనరే వినలేదని అన్నాడు. ఓనర్ చెంపలు వేసుకున్నాడు. మేస్త్రీ నిచ్చెన వేసుకొని వచ్చి ఆ జానెడు సందు కూడా మూసేశాడు.

ఉద్యోగం వచ్చింది కిటికీ మూసినందుకు. పోయింది వెంటిలేటర్ మూయనందుకు. ఏం జరిగినా మూతపడేది మా గోడే.

చెల్లికి పిల్లికూతలు అప్పటికే ఉన్నాయి. ఊపిరి తీస్తుంటే ఛాతీలో ఈల వేసినట్టు చప్పుడు వచ్చేది. వానాకాలంలో వస్తుంది, పోతుంది అనుకునేవాళ్ళం. వెంటిలేటర్ మూసిన చలికాలంలో అది పోలేదు. ఒక మధ్యాహ్నం, గ్యాసు లేక స్టవ్వు మీద పప్పు ఉడుకుతుంటే, చెల్లి గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడి మెడ సాగదీస్తోంది. పెదవుల చుట్టూ నీలంగా ఉంది. అమ్మ అరుపుకు టీచర్ పరుగెత్తుకొచ్చారు. శనివారం కాబట్టి ఇంట్లో ఉన్నారు. పిల్లను ఎత్తుకొని, చెప్పుల్లేకుండా, వీధి చివర పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. మెట్లు ఎక్కలేని మనిషి.

డాక్టరు పిల్లకు మాస్కు పెట్టాడు. మందు ఆవిరి లోపలికి పోయి, పెదవులు మెల్లగా రంగు తిరిగాయి. పక్క బల్ల మీద టీచర్ ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని కూర్చున్నారు. ఆమె ఛాతీలోంచి కూడా అదే ఈల చప్పుడు వస్తోంది. డాక్టరు ఆమె వైపు చూసి రెండో మాస్కు తీశాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చొని మాస్కుల్లోంచి ఒకరినొకరు చూసుకున్నారు. చెల్లి మాస్కులోనే నవ్వింది.

ఆ సాయంత్రం అమ్మ మూకుడును, మిగిలిన సాంబ్రాణిని తీసుకెళ్ళి చెత్తకుండీలో పడేసింది. తిరిగొస్తూ టీచర్ గుమ్మం ముందు ఆగింది.

"ఆ రోజు నోరు జారానండి," అంది.

"ఏ రోజు?" అన్నారు టీచర్. "ఉప్పు ఉన్నదా మీ ఇంట్ల? నాకు అయిపోయింది."

టీచర్ మళ్ళీ ఓనర్ దగ్గరికి వెళ్ళారు. ఈసారి వెటకారం లేదు. పిల్ల పెదవులు ఎలా ఉన్నాయో చెప్పారు. చేతులు జోడించారు కూడా. ఓనర్ విని, తన కొడుకు కూడా తనకు పిల్లవాడేనన్నాడు. గాలి కావాలంటే గాలి ఉన్న ఇల్లు చూసుకోమన్నాడు. అంత అద్దెలో అలాంటి ఇల్లు ఆ చుట్టుపక్కల లేదని అతనికీ తెలుసు.

ఆ రోజు నుంచి చెల్లి టీచర్ ఇంట్లో పడుకుంది. ముందు గదిలో, రెండు కిటికీల మధ్య, కుట్లు వేసిన ఆ దోమతెరలో. సాయంత్రం వంట మొదలవగానే పలక, బొంత పట్టుకొని వెళ్ళిపోయేది. టీచర్ తనకు ఆకులకు పేర్లు చెప్పేవారు. చెల్లి తిరిగి వాటికి వేరే పేర్లు పెట్టేది. సైనిక్‌పురి అవతల, రెండు వైపులా కిటికీలున్న చిన్న ఇల్లు నాన్నకు దొరికేదాకా అలాగే గడిచింది. నాన్న ఆఫీసుకు రెండు బస్సులు మారాల్సి వచ్చేది. ఎప్పుడూ విసుక్కోలేదు.

*

డిగ్రీ తరువాత నాకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇంజనీర్లు చేసిన వస్తువును ఎలా వాడాలో రాసి పెట్టే పని. మాట్లాడనక్కర్లేదు కాబట్టి నాకు సరిపోయింది. మా ఆఫీసులో సర్వర్లుండే గది ఒకటి ఉంది. లోపలికి వెళ్ళాలంటే చెప్పులు విప్పాలి. గాలిని జల్లెడపట్టి పంపే యంత్రం ఉంది. దాని జల్లెడలు మార్చడానికి ఒక మనిషి, మార్చాడా లేదా అని చూడటానికి ఇంకో మనిషి. దుమ్ము పడితే యంత్రాలు పాడవుతాయి. మొదటిసారి ఆ గది చూసిన రోజు నేను బాత్‌రూములోకి వెళ్ళి తలుపేసుకొని కాసేపు నిలబడ్డాను. ఈ నగరానికి శుభ్రమైన గాలి అంటే ఏమిటో తెలియక కాదు. ఎవరికి ఇవ్వాలో తేల్చుకుంది, అంతే.

బడిలోనూ ఇంతే. కంప్యూటర్ ల్యాబుకు ఏసీ. కరెంటు పోతే ఆ ల్యాబుకోసం జనరేటర్. జనరేటర్ ఎల్‌కేజీ కిటికీ కింద. టీచర్ ప్రిన్సిపల్ సిస్టర్‌ను చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి, ఆ చిన్న కుర్చీల్లో ఒకదాన్లో కూర్చోబెట్టి, జనరేటర్ వేయించారట. మర్నాడే దాన్ని వెనక ఖాళీ స్థలానికి మార్చారు. ఆ సిస్టర్‌కు నమస్కారం. కూర్చొని చూడటానికి ఒప్పుకున్న పెద్ద మనిషి నాకు తెలిసి ఆవిడ ఒక్కతే.

ఆఫీసులో ఇంటర్నెట్ ఉండేది కాబట్టి టీచర్ అడిగినవి వెతికి, అచ్చు తీసి, ఆదివారాలు తీసుకెళ్ళేదాన్ని. ఆమె అప్పటికి ఉద్యోగం మానేశారు. వసారాలో కుర్చీలో ముందుకు వంగి కూర్చొని చదివేవారు. ఒక ఆదివారం కాగితాలు ఒళ్ళో పెట్టుకొని నవ్వారు.

"మీకు జీన్ అంటే రాసిపెట్టి ఉన్న రాత లెక్క చెప్పిన. తప్పు చెప్పలే, సగమే చెప్పిన."

"మిగతా సగం ఏమిటి టీచర్?"

"మన ఓనర్ నీళ్ళ మోటరు స్విచ్ మీద టేపు ఏసిండు, యాదికున్నదా? కిరాయికున్నోళ్ళు ఎయ్యొద్దని. వైరు మంచిగనే ఉండె. మోటరు మంచిగనే ఉండె. నీళ్ళు మాత్రం రావు. పొగ గట్ల చేస్తదట. జీన్‌ను ముట్టది. దాని స్విచ్ మీద టేపు ఏస్తది. వాపును ఆపేది ఆన్ కాదు. ఇంకోదాని టేపు ఊడగొడ్తది, బంద్ ఉండాల్సింది నడుస్తనే ఉంటది. పిల్ల కడుపుల ఉన్నప్పటి సంది షురూ అయితదట."

"ఆ టేపు తీయలేమా?"

"కొన్ని ఊడొస్తయట. కొన్నిటి సంగతి ఇంక ఎవ్వరికి తెలువది." వేలు చూపించారు. "నువ్వు రాసేదానివి గద. ఎప్పుడన్న రాస్తే తెలువదనే రాయి. తెలిసినట్టు రాయకు."

అందుకే ఇక్కడ తెలిసినంతే రాస్తున్నాను. పుట్టేనాటికి ఊపిరితిత్తులు పూర్తి కావు. పదిహేను, పదహారేళ్ళు దాటేదాకా పెరుగుతూనే ఉంటాయి. తన బరువుకు తగ్గట్టు చూస్తే చిన్నపిల్ల మనకంటే ఎక్కువ గాలి పీలుస్తుంది. పెరగవలసిన ఏళ్ళలో పొగ తగిలితే అవి పెరగవలసినంత పెరగవు. తరువాత మంచి గాలిలో బతికినా ఆ లోటు చాలామందిలో పూర్తిగా తీరదు. చిన్న ట్యాంకుతో బయలుదేరిన బండి లాంటి మనిషి అవుతాడు. నడిచినంతకాలం ఎవరికీ తెలియదు. ముందే ఆగిపోతుంది.

మా చెల్లికి ఇప్పుడు పన్నెండేళ్ళు. పరుగెత్తుతుంది, ఈల వేస్తుంది, అందరికంటే ముందు ఆగుతుంది. స్కూలు సంచిలో ఆయాసానికి పీల్చే పఫ్ ఉంటుంది. డాక్టరు గొట్టంలోకి ఊదించి, వయసుకు ఉండాల్సినంత ఊపిరి లేదన్నాడు. "బాగానే ఉంది లెండి, మేనేజ్ చేయొచ్చు," అన్నాడు. మిగిలిన ఊపిరి ఏ గోడలో ఉందో నాకు తెలుసు. ఆ గోడకు నీలం సున్నం వేశారు. ఏ పోలీసు స్టేషన్‌లోనూ దాని మీద కేసు పెట్టలేం.

*

టీచర్ పుట్టింది భువనగిరి దగ్గర ఒక ఊళ్ళో. ఇంటికి పెద్దపిల్ల. వాళ్ళమ్మ పొలం వెళితే పొయ్యి ఈమెది. చంకలో చెల్లెలు, చేతిలో ఊదుగొట్టం. కట్టెలు తడిస్తే పిడకలు. గది మధ్యలో పొయ్యి, పైన మసిపట్టిన దూలం. ఆ గదిలోనే దీపం పెట్టుకొని చదివి, ఊళ్ళో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల అయ్యారు. ఇదంతా ఆమె గొప్పగా ఎప్పుడూ చెప్పలేదు. ఆసుపత్రిలో డాక్టర్లకు చెబుతుంటే నేను విన్నాను.

చివరి ఏడాది నేనే ఆమెను ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. కుర్ర డాక్టరు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి అడిగాడు.

"మీ ఆయన సిగరెట్లు తాగేవారామ్మా?"

"ఆయన లేడు సార్."

"మరి మీరు...?"

"సిగరెట్ తాగలే సార్. పొయ్యి తాగిన. చిన్నప్పటి సంది."

డాక్టరు నవ్వాడు. టీచర్ కూడా నవ్వారు, నవ్వితే దగ్గు వచ్చింది. అతను కాగితం మీద "స్మోకింగ్: లేదు" అని రాశాడు. దాని కింద పొయ్యి రాయడానికి చోటు లేదు. అందుకే ఈ జబ్బు ఏ లెక్కలోకీ రాదు. చనిపోతే పెద్ద వయసు, ఆయాసం అంటారు. పొయ్యి పేరు, గోడ పేరు ఎవరూ ఎత్తరు.

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు నేను, "మీకు కోపం రాదా టీచర్?" అని అడిగాను. మా పరిచయంలో నేను అడిగిన ఒకే ఒక్క సొంత ప్రశ్న అది.

"ఎవరి మీద? మా అమ్మకు తెలువది. తెలువనోళ్ళ మీద కోపం ఎందుకు?" కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. "తెలిసినాంక సుత గోడ కట్టినోడున్నడు చూడు. వాని మీద ఉన్నది. మస్తుగున్నది. అరవనీకి ఊపిరి లేదు బిడ్డా."

ఆమె దగ్గర ఊపిరి లేక మిగిలిపోయిన ఆ కోపం నాకు వచ్చింది. ఆమె నాకు ఇచ్చిన వాటిలో అది కూడా ఒకటి. మిగతావి తడిగుడ్డ, తెరిచిన కిటికీ, తెలియనిది తెలియదని రాయాలన్న బుద్ధి, మా చెల్లి.

*

ఆ ఉదయం పది దాటాక టీచర్‌ను బయటికి తెచ్చారు. బడి నుంచి పిల్లలు యూనిఫారాల్లో వచ్చి వీధికి రెండు వైపులా నిలబడ్డారు. చెల్లి వాళ్ళలో లేదు. టీచర్ కాళ్ళ దగ్గర నిలబడి, ఈగలు వాలకుండా అట్టముక్కతో విసురుతోంది. ఎవరు చెప్పినా అక్కడి నుంచి కదల్లేదు.

ఓనర్ మేడ దిగి వచ్చాడు. జుట్టుకు నల్లరంగు వేసుకున్నాడు. పెద్ద గులాబీల దండ తెచ్చాడు. వేసి, చేతులు జోడించి, కళ్ళు తుడుచుకున్నాడు. అది నటన కాదు. అన్నేళ్ళు ఒకే కాంపౌండులో ఉన్నారు, అతనికి నిజంగానే బాధగా ఉంది. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. చెల్లి తల నిమిరాడు. "గింత పెద్దగయిందా? మంచిగున్నదా ఇప్పుడు పానం?" అన్నాడు. చెల్లి తల పక్కకు తీసుకుంది, విసరడం ఆపలేదు.

తరువాత నా పక్కన వచ్చి నిలబడ్డాడు. నన్ను ఓదార్చాలనుకున్నట్టున్నాడు.

"ఏం చేస్తమమ్మా," అన్నాడు. "మంచి మనిషి. లడాయి పెట్టుకుంటుండె గని మనసు మంచిది. ఏజ్ సుత అయింది గద. పెద్ద మనిషి, తక్లీఫ్ పడకుంట పోయింది. గంతే అనుకోవాలె."

అందరూ ఆమెను పెద్ద మనిషి అనే అనుకునేవారు. తెల్లబడిన జుట్టు, వంగిన వీపు, మెట్ల మీద ఆగే నడక. బడిలో మేమూ అలాగే అనుకున్నాం. నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆమెను ఎత్తారు, అతను చెప్పులు విప్పి ముందుకు నడిచాడు.

ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. మా టీచర్ వయసు నలభై ఆరేళ్ళు.